దుప్పటి అవతలి కొస

లాండ్రీలో ఇస్త్రీ రోలరు వేడెక్కేలోపు హాల్లో ఎవరో ఒకరు ఆ ప్రశ్న వేస్తారు, "ఇవాళ దుప్పటి ఎవరికి?" అని. నవ్వుతూనే అడుగుతారు గానీ ఆ నవ్వు పళ్ళ దాకానే. అడిగినవాళ్ళ కళ్ళూ, విన్నవాళ్ళ కళ్ళూ ఇనప మెట్ల మీదే ఉంటాయి. మెట్ల పైన అద్దాల గది, అందులో మేనేజరు. సూపర్‌వైజరు ఆ గదిలోకి వెళ్ళి దిగివచ్చిందంటే హాల్లో ఎవరికో మూడిందని అర్థం.

సూపర్‌వైజరుకి వాళ్ళు పెట్టుకున్న పేరు కత్తెర. వెనకాల అంటారని ఆమెకి తెలుసు. తెలిసి బాధపడే రకం కాదు. మొద్దుబారిన కత్తెరని ఎవరు ఉంచుకుంటారు, కోసేది కాబట్టే నాకింత విలువ అనుకునే రకం.

ఆ రోజు ఆమె మెట్లు దిగి తిన్నగా డ్రైయర్ల దగ్గరికి నడిచింది. అక్కడ పనిచేసే పొడుగాటి మనిషిని అందరూ నిచ్చెన అంటారు. పై అరల్లో బట్టలు సర్దడానికి అతనికి స్టూలు అక్కర్లేదు. ఆమె బల్ల మీది గుట్టలోంచి ఒక డబల్ దుప్పటి లాగి, "ఒక కొస పట్టుకో" అంది. నిచ్చెన మొహం అప్పుడే వాడిపోయింది.

హాస్పిటళ్ళ నుంచీ హోటళ్ళ నుంచీ వచ్చే పెద్ద దుప్పట్లు రోలరులోంచి బయటపడ్డాక ఇద్దరు మనుషులు మడవాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని, బిగలాగి, దులిపి, నిలువునా మడిచి, అప్పుడు ఎదురెదురుగా నడుస్తారు. కలిసిన చోట ఒకరి కొసలు ఇంకొకరికి అందించి, వంగి కింది మడత పట్టుకుని వెనక్కి జరుగుతారు. మళ్ళీ కలుస్తారు. ప్రతిసారీ దుప్పటి సగమవుతుంది, మనుషుల మధ్య దూరమూ సగమవుతుంది. ఆ హాల్లో యంత్రాల హోరుకి పక్క మనిషి అరిచినా వినపడదు, ఒక్క ఆ కలుసుకున్న క్షణంలో తప్ప. చెడు కబురు చెప్పడానికి కత్తెర ఆ చోటు ఎంచుకుంది. పైన గదిలో కుర్చీ వేసి చెబితే మనిషికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. దుప్పటి ఉంటే చేతులకి పని ఉంటుంది.

మొదటిసారి కలిసినప్పుడు, "నీకు సెలవు లేదు" అని చెప్పింది.

అతను కొసలు ఆమె చేతికిచ్చి, వంగి, మడత పట్టుకుని వెనక్కి జరిగాడు. కూతురి కాలికి ఆపరేషను. రెండు రోజులు చాలునని అంతకుముందే అడిగి ఉన్నాడు. మళ్ళీ దగ్గరికొచ్చినప్పుడు ఎవరు కాదన్నారని అడిగాడు. కంపెనీ అంది. కంపెనీ అంటే ఎవరని అడిగాడు. ఆ ప్రశ్న దగ్గరే ఆమె ఎప్పుడూ ఆగిపోవాలి. నా పేరు మాత్రం తీసుకురాకండమ్మా, కంపెనీ అనండి, అని మేనేజరు మొదట్లోనే చెప్పాడు.

"కంపెనీ అంటే కంపెనీ."

నిచ్చెన చేతులు సడలాయి. కొస జారి నేల తాకబోతుంటే ఆమె మోకాలితో ఆపి అందుకుంది. నేల తాకిన దుప్పటిని మళ్ళీ ఉతుక్కి పంపాలి, అది లాండ్రీ నియమం. ఇన్నేళ్ళలో ఆమె చేతిలో ఒక్కటీ నేల తాకలేదు. ఎదుటివాళ్ళు ఏడ్చినా, తిట్టినా సరే. అతను నోరు మూసుకుని నిలబడి ఉన్నంతసేపూ ఆమె కూడా పక్కనే నిలబడింది. అతను డ్రైయరు తలుపు తెరిచాకే కదిలింది.

ఆ తర్వాత కాసేపటికి మేనేజరు దిగాడు. ఆయన రోజూ దిగుతాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చల్లటి గొంతు, ప్రతి మనిషినీ మీరు అనే మర్యాద. వచ్చి నిచ్చెన భుజం మీద చెయ్యి వేశాడు. ఆ భుజం అందుకోవడానికి కాస్త మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చింది కూడా. పాపకి ఎలా ఉంది, భయపడుతోందా, మీరు ధైర్యంగా ఉండాలి, అని తడి కళ్ళతో అడిగాడు. నిచ్చెన చేతులు జోడించాడు. మీలాంటి మనసు అందరికీ ఉంటే బాగుండేదని అంటూ, రెప్పపాటు కత్తెర వైపు చూశాడు.

ఆమె ఆ చూపు చూసింది. చూసి, పాపం ఈ పెద్దమనిషికి ఒక్క చెడ్డ మాట నోట్లోంచి రాదు, నేను లేకపోతే ఏమైపోతాడో అనుకుంది. జాలిగా, కొంచెం గర్వంగా అనుకుంది. అంత తెలివిగల మనిషి అంత తెలివితక్కువగా ఎలా అనుకుందో ఆ తర్వాత ఆమెకే అర్థం కాలేదు.

మర్నాడు మేనేజరు ఆమెని పిలిచి టీ తెప్పించాడు. ఆ వారం మొదట్లో ఆయన్ని శిక్షణకి పంపారు. ఏదో పెద్ద హోటల్లో చల్లటి గదిలో కూర్చోబెట్టి, కింది ఉద్యోగులతో కష్టమైన విషయాలు ఎలా మాట్లాడాలో రెండు రోజులపాటు నేర్పారు. ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకుని వచ్చిన మనిషిలాగే ఆయన కూడా మహా ఉత్సాహంగా ఉన్నాడు. ముందు మెచ్చుకోవాలట. తర్వాత అసలు సంగతి చెప్పాలట. చివర్లో మళ్ళీ మెచ్చుకోవాలట. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలట. ఇదంతా ఆయన ఆమె వెనకాల గోడకున్న గడియారాన్ని చూస్తూ చెప్పాడు.

"ఒక సలహా కావాలి మీ దగ్గర" అన్నాడు. "ఒక మనిషి ఉన్నారనుకోండి. చాలా కాలంగా ఉన్న మనిషి. పెద్దగా తప్పేం లేదు. కానీ ఇక అవసరం లేదు. అలాంటి మనిషికి మీరైతే ఎలా చెబుతారు?"

ఆమెకి వెంటనే కుట్లపిన్ని గుర్తొచ్చింది. కిటికీ పక్కన కూర్చుని చిరిగిన దుప్పట్లకి కుట్లు వేసే ముసలావిడ. ఈమధ్య చిరిగినవాటిని పారేసి కొత్తవి కొనడమే చవక అంటున్నారు. పిన్నే అయ్యుంటుంది. ఆమెకి ఒళ్ళు మండింది, అయినా అడిగారు కాబట్టి చెప్పింది. ముందుగా ఈ టీ ఇవ్వకూడదు. టీ చేతిలో పెట్టి తల తీస్తే ఆ మనిషి జన్మలో టీ తాగలేదు. మెచ్చుకోకూడదు. మెచ్చుకుంటే, అంత మంచిదాన్నయితే ఎందుకు పొమ్మంటున్నారని అడుగుతారు, దానికి మన దగ్గర జవాబు ఉండదు. మొదటి మాటే అసలు మాట కావాలి. పని ఎప్పటితో ఆఖరో చెప్పాలి. ఎవరు తేల్చారో చెప్పాలి. చెప్పాక నోరు మూసుకుని అక్కడే ఉండాలి, వాళ్ళు తిట్టినంతసేపూ తిట్టించుకోవాలి.

"ఎవరు తేల్చారో కూడానా?" మేనేజరు కుర్చీలో కదిలాడు.

"అదే ముఖ్యం సార్. నాకు మీరు చెప్పనివ్వరు గానీ, అది చెప్పని మాట సగం మాటే."

ఒకసారి చెప్పి చూపించమన్నాడు. తనే ఆ మనిషిననుకోమన్నాడు. ఆమె గ్లాసు పక్కన పెట్టి, సూటిగా చూసి, "ఈ నెలాఖరుతో మీ పని ఆఖరు. ఇది నేను తేల్చిన మాట. మీ తప్పేం లేదు" అంది. ఎంతో మామూలుగా అంది, రేపు కరెంటు ఉండదని చెప్పినట్టు. మేనేజరు కళ్ళు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి, ఆయనకి తన మీద తనకి జాలి వేసినప్పుడు కళ్ళు ఇట్టే తడుస్తాయి. తనూ ఒకసారి ప్రయత్నిస్తానన్నాడు. "అమ్మా, మీరు మా కుటుంబంలో మనిషి లాంటివారు, మీరు లేని ఈ చోటు నేను ఊహించలేను, అయితే మార్పు అన్నది..." అని మొదలుపెట్టి, ఎటెటో తిరిగి, మార్పు గురించి ఎవరో చెప్పిన కథలోకి వెళ్ళిపోయాడు. ఆమెకి నవ్వొచ్చింది. ఇది విన్న మనిషి నాకు జీతం పెంచారు కాబోలని మిఠాయిలు పంచుతుంది సార్ అంది.

ఆయనా నవ్వాడు. నవ్వాక, బల్ల మీద లేని దుమ్ము తుడుస్తూ, "ఆ మనిషికి మీరే చెప్పగలరా అని..." అన్నాడు.

"చెబుతాను. ఎవరు?"

మేనేజరు నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. సగం తాగి, మిగతా సగం నమిలాడు. త్వరలో చెబుతానన్నాడు.

ఆ మాట కుట్లపిన్నికి తనే చెప్పాల్సి వస్తుందని కత్తెర అనుకుంది. అందుకని తర్వాతి రెండు రోజులూ ఆమె చెయ్యకూడని పనులు చేసింది. పిన్ని కూర్చునే చోట దీపం మసకగా ఉందని బల్బు మార్పించింది. కుర్చీకి మెత్త తెచ్చి వేసింది. మధ్యాహ్నం తన డబ్బాలోంచి కూర తీసి పిన్ని డబ్బాలో పెట్టింది. హాలంతా చూస్తోంది. కత్తెర కూర పెట్టడమేంటి? పిన్ని ఆ ముద్ద మింగలేదు. చెయ్యి కడుక్కుని, సూది తీసి దారం ఎక్కించబోతే కొస సూది బెజ్జంలోకి పోలేదు. నాలుగుసార్లు తడిపి ప్రయత్నించి, సూది బల్లకి గుచ్చేసింది.

"ఏమే, నాకు దుప్పటి పడుతోందా?" అంది. "పడేదుంటే పడెయ్. ఇట్లా కూరలు పెట్టి చంపకు."

కత్తెర తడబడింది. లేదు పిన్నీ అంది, తెలీదు పిన్నీ అంది. పిన్ని కళ్ళద్దాల పైనుంచి ఆమెని అలాగే చూసి, నీకు నిజంగానే తెలీదా అని అడిగింది. ఆ తర్వాత సంగతంతా మెల్లగా చెప్పింది. కిందటి వారం కత్తెర సరుకు లారీల దగ్గర ఉన్నప్పుడు హాల్లో వాళ్ళని ఒక్కొక్కర్నే పైకి పిలిచారు. ఇక్కడ మీకు ఇబ్బంది కలిగేలా ఎవరైనా మాట్లాడుతున్నారా అని మేనేజరు ఎంతో ఆప్యాయంగా అడిగాడు. సూపర్‌వైజరు కఠినంగా ఉంటుందా అని అడిగాడు. మాటలు గుచ్చుకుంటాయా అని అడిగాడు.

"మేం అవునన్నాం. నేనూ అన్నాను. అబద్ధం కాదు కదే. గుచ్చుకోవూ మరి?" పిన్ని సూది పీకి చేతిలోకి తీసుకుంది. "పై వాళ్ళు ఇక్కడ మనుషులు ఊరికే మానేస్తున్నారు, ఎందుకని అడిగారట. దానికి నీ పేరు రాసి పంపుతున్నాడనుకుంటా. నిన్ను తీసేస్తే హాలు చల్లబడుతుందని."

కత్తెర డబ్బా మూత పెట్టింది, మూత సరిగ్గా పడలేదు, మళ్ళీ తీసి పెట్టింది. చాలా కాలంగా ఉన్న మనిషి. పెద్దగా తప్పేం లేదు. ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆయన గడియారం వైపు ఎందుకు చూశాడో ఇప్పుడు తెలిసింది. ఆమె తన తల ఎలా తియ్యాలో ఆయనకి కూర్చుని నేర్పించింది. మెడ మీద కత్తి ఎక్కడ పెడితే నొప్పి తక్కువో కూడా చెప్పింది. అది చాలక, నీ తల నువ్వే తీసుకుంటావా అని అడిగితే తీసుకుంటానంది. ఆ మనిషి పిరికితనం మీద కంటే తన తెలివి మీద ఆమెకి ఎక్కువ అసహ్యం వేసింది.

ఇన్నేళ్ళూ ఆయన తనని నమ్మి పని అప్పజెప్పాడనుకుంది. చీపురుని ఎవరూ నమ్మి పట్టుకోరు. చెయ్యి మురికి కాకుండా ఉండాలని పట్టుకుంటారు.

ఇంటికెళ్ళాక మొగుడితో చెబితే, నీ నోరే నీకు శత్రువని ఎప్పుడో చెప్పానన్నాడు. అతను బస్సు డ్రైవరు. ఇంటి అప్పు వాయిదాలు, అబ్బాయి చదువు, అన్నీ ఇద్దరి జీతాల మీద నడుస్తున్నాయి. ఈ వయసులో ఇంకో లాండ్రీవాళ్ళు పిలిచి సూపర్‌వైజరుని చెయ్యరు. మొదటి మెట్టు నుంచి, తడి గుట్టలు మోసే దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. నడుము ఒప్పుకోదు. అదంతా అతను చెప్పలేదు, ప్లేటు ముందు తల వంచుకుని కూర్చున్నాడు. అది చాలు.

ఆమె లేచి మేడ మీదికి వెళ్ళింది. మేడ మీది వాటాలో మరిది కుటుంబం ఉంటుంది. తోడికోడలు కూడా ఒకప్పుడు అదే హాల్లో రోలరుకి దుప్పట్లు అందించేది. చెయ్యి కాలి, మానేదాకా తేలిక పని ఇమ్మని అడిగింది. కత్తెర ఆమెతోనూ ఒక దుప్పటి మడిచింది, తేలిక పని లేదు, రేపటి నుంచి రావద్దు అని చెప్పింది. సొంత తోడికోడలైనా సరే, ఒకే పద్ధతి, ఒకే మాట. ఆ రోజు నుంచి ఒకే ఇంట్లో ఉండి ఇద్దరికీ మాటల్లేవు. మెట్ల మీద ఎదురైతే ఒకరు గోడవైపు తిరుగుతారు.

తోడికోడలు తలుపు తీసి గడపలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"ఒకటే అడిగి పోతాను" అంది కత్తెర. "నిన్ను మాన్పించాక మేనేజరు ఇక్కడికొచ్చాడు కదా. ఏమన్నాడు?"

తోడికోడలు కాలిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుంది. అది అలవాటు, మచ్చ మానిపోయి చాలా కాలమైంది. పళ్ళు తెచ్చాడంది. అదిగో ఆ కుర్చీలోనే కూర్చున్నాడంది. "నేనెంత చెప్పినా ఆవిడ వినలేదమ్మా, సొంత మనిషని కూడా చూడలేదు అన్నాడు. చెప్పి ఏడ్చాడక్కా. నేనే మంచినీళ్ళిచ్చి ఓదార్చి పంపించాను."

"నువ్వు నమ్మావా?"

"నువ్వేమో కంపెనీ అన్నావు. ఆయన నీ పేరు చెప్పాడు. పేరు పెట్టి చెప్పిన మాటే కదా ఎవరైనా నమ్మేది."

నేను కాదే, అంది కత్తెర. తోడికోడలు, అవునా, అంది. ఇన్నాళ్ళ తర్వాత, నీ మీదకి వచ్చాక చెబితే ఏం లాభమని ఆ మొహంలో రాసే ఉంది. కానీ తలుపు మాత్రం వెయ్యలేదు. కత్తెర మెట్లన్నీ దిగేదాకా పైనుంచి వెలుతురు పడుతూనే ఉంది.

ఆ తర్వాత మేనేజరు కత్తెరకి దొరకడం మానేశాడు. ఆమె ముందు ద్వారం దగ్గర ఉంటే ఆయన వెనక ద్వారంలోంచి వస్తాడు. ఆమె మెట్లెక్కబోతే ఆయన ఫోను చెవికి పెట్టుకుంటాడు, అవతల ఎవరూ లేకపోయినా సరే తల ఊపుతూ ఉంటాడు. రోజుకోసారి ఆమెకి టీ మాత్రం పంపుతున్నాడు. ఆమె దాన్ని అలాగే తిప్పి పంపుతోంది. కత్తెర కూడా అడగలేదు. చెప్పాల్సింది ఆయన, ఆమె అడిగి చెప్పించుకుంటే ఆ పని కూడా తనే చేసినట్టవుతుంది. దుప్పట్లు వస్తున్నాయి, పోతున్నాయి. ఆమె ఎప్పటిలాగే మూలలు సరిచూస్తోంది, మరక కనబడితే పక్కన పడేస్తోంది.

శుక్రవారం పొద్దున కుట్లపిన్నిని పైకి పిలిచారు. దిగివచ్చేటప్పుడు పిన్ని రెండు చేతులతోనూ కమ్మీ పట్టుకుని దిగింది. బల్ల దగ్గరికొచ్చి, గుట్టలోంచి ఒక దుప్పటి లాగింది. అంత పెద్ద దుప్పటి ఆమె చేతుల్లో ఆగలేదు. దాన్ని పొట్టకి అదుముకుని కత్తెర ముందు నిలబడింది.

"ఒక కొస పట్టుకోవే" అంది.

కత్తెరకి అర్థమైంది. అర్థమయ్యాక కోపం రావాలి, ముందు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ చాకిరీకి ఆయన తన నోటితో ఒక్క ముక్క ఖర్చు పెట్టలేక, చూపు మందగించిన ముసలావిడని పంపించాడు. పిల్లి మెడలో గంట కట్టడానికి ఎలకలన్నిట్లోకీ ముసలి ఎలకని ఏరాడు.

"ఏం చెప్పమన్నాడు?"

"ముందు నిన్ను మెచ్చుకోమన్నాడు. మెట్లు దిగుతూ ఆలోచించాను, ఏం మెచ్చుకోవాలో తోచలా."

"ఆ తర్వాత ముక్క నువ్వు చెప్పకు పిన్నీ. చెప్పావంటే రేపటినుంచి కత్తెర నీ పేరే." ఆమె దుప్పటి పిన్ని చేతుల్లోంచి తీసుకుంది. "వెళ్ళి కూర్చో."

దుప్పటి భుజం మీద వేసుకుని డ్రైయర్ల వైపు నడిచింది. మేనేజరు ఎంత దాక్కున్నా ఇవాళ ఒకసారి దిగక తప్పదని ఆమెకి తెలుసు. నిచ్చెన కూతురికి ముందురోజు ఆపరేషనయింది. మత్తులోంచి లేచి నాన్నేడని అడిగిందట. నాన్న ఆ సమయానికి డ్రైయరులోంచి తువ్వాళ్ళు తీస్తున్నాడు. పరామర్శ ఉన్న చోటికి మేనేజరు రాకుండా ఉండడు, ఆయన సంపాదించుకున్న మంచి పేరంతా అలా వచ్చిందే.

వచ్చాడు. చెయ్యి చాచి, మునివేళ్ళ మీద లేచి, నిచ్చెన భుజం అందుకోబోతుంటే డ్రైయరు వెనకనుంచి కత్తెర ముందుకొచ్చింది.

"సార్, ఒక కొస పట్టుకోండి."

మేనేజరు నవ్వాడు. నాకు రాదమ్మా అన్నాడు. నేర్పుతానంది. హాలంతా ఇటే చూస్తోంది. పనివాళ్ళతో కలిసి చెయ్యి వెయ్యడం తన స్థాయికి తక్కువని ఏనాడూ అనని పెద్దమనిషి, ఇప్పుడు ఎలా కాదంటాడు? రెండు కొసలూ వేళ్ళ చివర్లతో పట్టుకున్నాడు. వేళ్ళతో కాదు సార్, పిడికిలి బిగించండి, అని చెప్పి ఆమె తన వైపునుంచి ఒక్కసారి బిగలాగింది. ఆయన ఒక అడుగు ముందుకు తూలాడు. నిలువునా మడిచారు. ఆయన మడత వంకర పోయింది, ఆమె సరిచేయలేదు. నడిచి ఎదురెదురుగా వచ్చారు.

"చెప్పండి సార్."

"ఏం చెప్పనమ్మా, మీరు లేకపోతే ఈ హాలు..."

"అది పిన్నితో పంపించారు. తర్వాతది చెప్పండి."

ఆమె ఆయన కొసలు తీసుకుంది. వంగండి అంది. ఆయన వంగి కింది మడత వెతుక్కుంటుంటే, నిచ్చెన తన డ్రైయరు ఆపాడు. పక్కనున్నది కూడా ఆపాడు. రోలరు దగ్గర ఆడవాళ్ళు లోపలున్న దుప్పటి బయటికొచ్చేదాకా ఆగి, కొత్తది అందించలేదు. ఉతుకు యంత్రాలు ఆఖరి చుట్టు తిరిగి నిలిచిపోయాయి. ఆ హాలు పనివేళలో అంత నిశ్శబ్దంగా ఉండటం అక్కడెవరూ ఎరగరు. మేనేజరు లేచి నిలబడేసరికి తన ఊపిరి తనకే వినపడింది.

రెండోసారి కలిశారు. ఆయన మార్పు అన్నాడు, విశ్రాంతి అన్నాడు, మీ ఆరోగ్యం దృష్ట్యా కూడా అన్నాడు. ఆమె కొసలు వదలకుండా వింది. "అంటే ఏంటి సార్?" అంది.

"అంటే, ఈ నెలాఖరు తర్వాత..."

"తర్వాత?"

"మీరు రానక్కర్లేదు."

ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. కత్తెరకి ముందే తెలిసిన మాట అది. తెలిసిన మాటే కదా, ఇంకేముంటుందిలే అనుకుంది. కానీ కొసల్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఎదుటివాళ్ళ మొహాల్లో చూసి, కాసేపట్లో సర్దుకుంటారులే అనుకున్నది ఇదా అనుకుంది. ఇది సర్దుకునేది కాదు. దుప్పటి పిడికిట్లో ఉంది కాబట్టి నిలబడగలిగింది. ఆఖరి మడతకి దగ్గరికొచ్చారు. ఇద్దరి మధ్యా ఇప్పుడు జానెడు గుడ్డ మిగిలింది.

"ఎవరు తేల్చారు?"

"పైవాళ్ళు..."

"పైవాళ్ళు నా మొహం కూడా చూళ్ళేదు సార్. నా పేరు వాళ్ళకి ఎవరిచ్చారు?"

మేనేజరు మెట్ల వైపు చూశాడు. పిన్ని వైపు చూశాడు. తేలు కుట్టిన దొంగలా ఆ పెద్దమనిషి పెదాలు బిగించుకుని నిలబడ్డాడు. ఆమె ఎదురుచూసింది. ఎదురుచూడటంలో ఆమెని మించినవాళ్ళు ఆ హాల్లో లేరు.

"నేనే" అన్నాడు చివరికి.

"నా తోడికోడలి సంగతి?"

ఆయన తల అడ్డంగా ఊగబోయి, మధ్యలో ఆగి, కిందికి వంగింది.

"అంతే సార్. ఇంత చిన్న మాట."

ఆయన చేతులు వదిలేసి వెనక్కి తిరిగాడు. దుప్పటి మడతలు విప్పుకుంటూ ఇద్దరి మధ్యా జారింది. ఈసారి కత్తెర మోకాలు అడ్డు పెట్టలేదు. తెల్లటి గుడ్డ నేల మీద, ఆయన బూట్ల దగ్గర కుప్పగా పడింది.

"నేల తాకింది" అంది. "మళ్ళీ ఉతకాలి."

మేనేజరు అడుగు వెయ్యబోయాడు. ఎదురుగా నిచ్చెన నిలబడి ఉన్నాడు. అతని చేతుల్లో ఇంకో దుప్పటి ఉంది, అప్పుడే డ్రైయరులోంచి తీసింది, ఇంకా వెచ్చగా ఉంది. ఆ పొడుగాటి మనిషి కాస్త వంగి, రెండు కొసలు ఆయన వైపు చాచాడు.

"అయ్యా, ఒక కొస పట్టుకోండి. నా సెలవు ఎవరు కాదన్నారో అడగాలి."

అతని వెనకాల కుట్లపిన్ని లేచి నిలబడింది. రోలరు దగ్గరి ఆడవాళ్ళు బల్ల దగ్గరికి నడిచి, గుట్టలోంచి తలా ఒక దుప్పటి తీసుకుంటున్నారు. మేనేజరు కొసలు పట్టుకున్నాడు, వేరే దారి లేక. పట్టుకుని కత్తెర వైపు చూశాడు. ఇన్నేళ్ళూ ఆ గదిలో చూసిన చూపే అది, కాస్త మీరే చెప్పండమ్మా అని.

ఆమె రోలరు దగ్గరికి వెళ్ళి స్విచ్చి వేసింది. నెలాఖరు దాకా పని ఉంది. తడి గుట్టలోంచి తర్వాతి దుప్పటి లాగి, మూలలు చూసుకుని, లోపలికి అందించడం మొదలుపెట్టింది.